నీళ్లు తాగిన ఇటుకలు

మా ఇంటి కప్పులో, ఫ్యాను కొక్కెం పక్క నుంచి గోడదాకా, వెంట్రుకంత పగులు ఒకటి ఉంది. మంచం మీద వెల్లకిలా పడుకుంటే సరిగ్గా నా ముఖం మీదికే వస్తుంది. మంచం జరుపుకోవచ్చు. జరపలేదు. ఆ పగులు తెచ్చింది నేనే. రోజూ చూడాల్సినదాన్ని కూడా నేనే.

చిన్నప్పటి నుంచి నడుం వంగేదాకా నేను ఇటుక బట్టీల్లో పనిచేశాను. మట్టి తొక్కడం, అచ్చులో కొట్టడం, పచ్చి ఇటుకలు వరస పెట్టి ఎండబెట్టడం, ఎండ తగలని వైపు తిప్పడం, ఇదే నా పని. కంది ఊరి దగ్గర మేము మట్టి తొక్కిన చోట ఇప్పుడు పెద్ద కాలేజీ ప్రహరీ గోడ ఉంది. చిట్కుల్‌లో నాకున్న ఇల్లు కూడా నా చేతి ఇటుకలదే. మా ఆయన బతికున్నప్పుడు కట్టుకున్నాం. ఒక గది, వంటకు ఒక మూల, పైన పల్చటి స్లాబు. బయట గోడకు సున్నం రాలిన చోట చూస్తే ఒక ఇటుక మీద నా వేళ్ల గుర్తులు ఇప్పటికీ కనబడతాయి.

చదువు నాకు ముసలితనంలో వచ్చింది. నేర్పింది మా చెల్లె. అది నాకంటే చాలా చిన్నది. అమ్మ పోయాక నా చంకలోనే పెరిగింది. ఐదో తరగతిదాకా నేనే బడికి తోలాను. పెళ్లయింది, మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్నాడు, ఇది చీరల మూట పట్టుకుని తిరిగొచ్చింది. నా దగ్గర ఉండమంటే ఉండలేదు. చిట్కుల్‌లోనే ఇంకో సందులో రేకుల గది కిరాయికి తీసుకుంది. ఇస్నాపూర్ దిక్కు తేలిక ఇటుకలు చేసే కార్ఖానాలో పనికి కుదిరింది.

ఆ ఇటుకల సంగతి అది మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. కరెంటు తయారుచేసే చోట బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద ట్యాంకర్లలో వస్తుందట. రాళ్ల గనుల దగ్గర, రాయి కోసే మిషన్ల దగ్గర పేరుకుపోయిన పొడి లారీల్లో వస్తుందట. అంతకుముందు ఆ పొడిని కుంటల్లో, రోడ్ల పక్కన పోసిపోయేవాళ్లు. గాలి లేస్తే కళ్లు తెరవనిచ్చేది కాదు. ఇప్పుడు దాన్నే తెచ్చి సున్నం, సిమెంటు, కొంచెం వెండిలా మెరిసే పొడి కలిపి ఇటుకలు పోస్తున్నారు.

“ఇడ్లీ పిండి లెక్క పొంగుతదక్కా,” అంది చెల్లె. “పొంగినంక తీగలతోని కోస్తరు. పెద్ద పీపాల పెట్టి ఆవిరి పట్టిస్తరు.”

“కాల్చరా?”

“కాల్చరు.”

“కాల్చనిది ఇటుకెట్లయితదే? ఇడ్లీనే.”

“మీ బట్టీలు చేన్ల మట్టినంత తిన్నయి. మాది జనం పారేసిన బూడిద తింటది. ఏది నయం?”

“తినుడు సంగతి సరే. గట్టిగుంటదా చెప్పు.”

ఒకరోజు అది కార్ఖానాలో అంచు విరిగిన ఇటుక ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. చూడడానికి ఎర్ర ఇటుకలు నాలుగైదు కలిపినంత ఉంది, ఎత్తితే ఖాళీ బియ్యం డబ్బాను ఎత్తినట్టుంది. బుడగలు బుడగలుగా, రొట్టె లోపలిలా ఉంది. మేకు తీసుకుని దాని మీద ‘అ’ రాసింది. పడింది. నన్ను రాయమంది. రాశాను, వంకరగా. అట్లా మొదలైంది. నిండిపోతే ఇంకో ముక్కతో రుద్దేవాళ్లం, పొడి రాలేది, అక్షరాలు పోయేవి, మళ్లీ రాసేదాన్ని. నా పేరు, చెల్లె పేరు, బస్సు మీది ఊరి పేర్లు అన్నీ ఆ ఇటుక మీదే నేర్చుకున్నాను.

కానీ నా మనసులో ఒకటే ఉండేది. మేకుతో రాస్తే పడేదాన్ని ఇటుక అని ఎట్లా అంటారు?

నిరుడు ఎండాకాలం రేకుల గదుల యజమాని వచ్చి, అవన్నీ కూలగొట్టి పెద్ద బిల్డింగు లేపుతానని, వానలు పడేలోపల ఖాళీ చేయమని చెప్పాడు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి పనికి వచ్చిన పిల్లలకు గదులు చాలడం లేదట. చెల్లె నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

“మీద కట్టుకో,” అన్నాను నేనే. “మెట్లు ఉండనే ఉన్నయ్. నీ గది నీది, నా గది నాది.”

“నా పొయ్యి?”

“నీ పొయ్యి నీదే.”

దానికి ఇది పెద్ద మాట. అత్తగారింట్లో అత్త పొయ్యి మీద వండింది. రేకుల గదుల్లో వరండాలో అందరి పొయ్యిలూ ఒకే వరస, ఎవరి కూర ఎవరు చూస్తున్నారో, ఎవరి గిన్నె ఎవరు జరిపారో రోజూ పంచాయితే. అయినా తనకంటూ ఒక ఇల్లు అయ్యాక పెట్టుకుందామని రెండు బర్నర్ల కొత్త గ్యాసు పొయ్యి ఒకటి కొని, డబ్బా విప్పకుండా మంచం కింద దాచుకుంది. ఆ సాయంత్రమే మా స్లాబు ఎక్కి సుద్దముక్కతో గది గీసింది. తలుపు ఇక్కడ, మంచం ఇక్కడ, తూర్పు కిటికీ ఇక్కడ. కిటికీ కింద చిన్న చదరం గీసి, దానిలో ‘పొయ్యి’ అని రాసింది. నేను కూడబలుక్కుని చదివాను. దానికి నవ్వు ఆగలేదు.

మేస్త్రీ సంగారెడ్డి మనిషి, తురక ఆయన. మా పక్క ఇళ్లు చాలా ఆయన చేతి మీద లేచినవే. స్లాబు మీద కాలి మడమతో కొట్టి చూశాడు, కిందికి వచ్చి కప్పు చూశాడు.

“స్లాబు పాతది పెద్దమ్మా. ఎర్ర ఇటుక పెడితే మొయ్యదు. మీ చెల్లె చేసే హల్కా ఇటుకయితే పెట్టొచ్చు, పైన రేకులు. గంతే.”

నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. నా ఇంటి మీద నా ఇటుక పనికిరాదా? కానీ చెల్లె ముఖం చూసి ఊరుకున్నాను. కార్ఖానాలో అంచులు విరిగినవి పక్కన పెడతారు, వాటిని అడిగి తెచ్చుకుంది. కూలీలు మీదికి ఎక్కించారు. మేస్త్రీ చెప్పినట్టు వాళ్లు గోడల వారగా పేర్చబోయారు. నేనే మధ్యలో పెట్టించాను. ఎందుకంటే, నాలుగు దిక్కులా పైపు అందాలి కదా. అప్పటికే నా మనసులో నీళ్లు ఉన్నాయి.

మర్నాడు డ్యూటీకి పోతూ చెల్లె చెప్పింది.

“అక్కా, ఇటుకలకు నీళ్లు పట్టకు. మేస్త్రీ భాయ్ పగటాల్ల వస్తడు, ఆయన చూసుకుంటడు.”

“సరేగని నువ్వు నడువు, బస్సు పోతది.”

విన్నాను. మరిచిపోయానని అబద్ధం చెప్పను. విన్నాను, అది నాకు చెప్తుందా అనుకున్నాను. ఎర్ర ఇటుక గోడలోకి పోయేముందు కడుపునిండా నీళ్లు తాగాలి. తాగకపోతే సిమెంటు మాలులోని నీళ్లు పీల్చేస్తుంది, మాలు పట్టదు, గోడ బీటలిస్తుంది. ఇటుకలకు నీళ్లు పట్టని ఇంటిది సోమరిది అని బట్టీల్లో అనుకునేవాళ్లం. నా చెల్లె గోడలకు ఆ పేరు రావద్దనుకున్నాను. ప్రేమతోనే చేశాను. అది నిజమే, కానీ దానివల్ల ఏమీ తగ్గదు.

మొదట ఒక ఇటుకను డ్రమ్ములో వేశాను. మునగలేదు. తేలింది. అరచేత్తో ఒత్తితే లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. నాకు కోపం వచ్చింది. పచ్చడి నూరే రాయి తెచ్చి దాని మీద పెట్టాను. అప్పుడు మునిగింది, బుడబుడమని బుడగలు వచ్చాయి. చూశావా, ఎంత దాహం మీదుందో అనుకున్నాను. మోటారు వేసి, పైపు పట్టి, కుప్ప చుట్టూ తిరుగుతూ తడిపాను. పోసిన నీళ్లు పోసినట్టే తాగుతున్నాయి. ఎర్ర ఇటుక కొంచెం తాగి చాలంటుంది, మీది నుంచి నీళ్లు జారిపోతాయి. ఇవి చాలనలేదు. గోనె సంచులు కప్పి, వాటి మీద మళ్లీ పోశాను. పొద్దున్నంతా అదే పని. నడుం నొప్పి పుట్టింది. సంతోషంగా ఉంది.

మేస్త్రీ నమాజు చేసుకుని మధ్యాహ్నం దాటాక వచ్చాడు. గోనె సంచి ఎత్తి చూశాడు. ఒక ఇటుక పట్టుకుని లేపాడు, మెల్లగా కింద పెట్టాడు.

“నీళ్లెవరు కొట్టిన్రు?”

“నేనే. మస్తు తాగినయ్ భాయ్.”

“పెద్దమ్మా, ఇది స్పంజి. ఇప్పుడు హల్కా ఇటుకలు గావు ఇవి. భారీ అయినయ్.” కుప్ప వైపు, దాని కింద స్లాబు వైపు చూశాడు. “నడిమిట్ల పెట్టిన్రేంది?”

నేను జవాబు చెప్పేలోపల గబగబా మెట్లు దిగాడు. నేను మోకాళ్లు పట్టుకుని దిగేసరికి నా గదిలో తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఫ్యాను పక్క నుంచి గోడదాకా గీత. గీత చివర ఒక నీటి చుక్క, పడాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది.

“బయటికి పోయి కూసో అమ్మా,” అన్నాడు. ఫ్యాను స్విచ్చు ఆపి, తన ఇద్దరు కూలీలను పిలిచాడు.

తడిసిన ఇటుకలు ఒక్కొక్కటి దించడం మొదలుపెట్టారు. నేను ఎత్తబోతే ఎత్తనివ్వలేదు. అప్పుడే డ్యూటీ దిగి చెల్లె వచ్చింది. సందు మొగదల్లోనే చూసింది, ఇటుకలు పైకి పోవాల్సింది కిందికి వస్తున్నాయని. టిఫిను డబ్బా గడప మీద పెట్టి, కొంగు నడుముకు దోపి, మెట్లెక్కింది. పొద్దున్నుంచి ఇటుకలు మోసిన మనిషి మళ్లీ ఇటుకలు మోసింది. భుజం మీది నుంచి బూడిద రంగు నీళ్లు కారి రవిక అంతా తడిసింది.

నేను తట్టుకోలేకపోయాను. “ఒక్క మాటన్న అనవే,” అన్నాను.

“ఏమనాలె? ముందు దించనీ.”

అన్నీ దించాక మేస్త్రీ చెప్పింది విన్నాం. ఇల్లు పడదు, భయం లేదు. కానీ స్లాబు మధ్యలో ఇక ఏ బరువూ పెట్టకూడదు. వెనక భాగంలో కింద మూడు దిక్కులా గోడ ఉంది కాబట్టి, ఆ గోడల మీదుగా చిన్న గది లేపవచ్చు. మంచం పడుతుంది, పక్కన మనిషి నిలబడే జాగా ఉంటుంది.

“పొయ్యి?” అంది చెల్లె.

ఆయన నా దిక్కు చూడకుండా తల అడ్డంగా ఊపాడు. “ఈ ఇటుకలు గూడ ఇప్పుడే పెట్టరాదు. తడి మీద కడితే, ఎండినంక గోడ ముడుచుకుంటది. ప్లాస్టరు పెచ్చులు లేస్తది.”

“ఎండేసరికి వానలొస్తయి గద.”

“వస్తయి.”

“ఎండబెట్టుడు నాకొదిలెయ్ భాయ్,” అన్నాను. “అది నాకెరుక.”

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఎరుక, ఎరుక అనే కదా ఇంతదాకా తెచ్చింది.

చెల్లె రేకుల గది ఖాళీ చేసి నా గదిలోకి వచ్చింది. పొయ్యి డబ్బా నా మంచం కిందికి చేరింది. నేను పొద్దున లేస్తే ఇటుకల దగ్గరే. ఇంటి పక్క సందులో రాళ్లు పరిచి, నేల తగలకుండా, మధ్యలో గాలి ఆడేటట్టు సందులిచ్చి పేర్చాను, బట్టీలో పచ్చి ఇటుక పేర్చినట్టే. ఎండ జరిగినకొద్దీ తిప్పాను. మబ్బు పడితే పైన తాడిపత్రి పట్టా కప్పాను, పక్కలు మాత్రం మూయలేదు. ఎండిందో లేదో చూడడానికి నేను అక్షరాలు నేర్చుకున్న ఇటుక ఉంది. అది ఒక్కటే ఇంట్లో ఉండి తడవలేదు. దాన్ని చెల్లె చేతికిచ్చి, తిప్పిన ఇటుకను ఇంకో చేతికిచ్చి, రెండూ ఒకటే బరువున్నాయా అని అడిగేదాన్ని. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది.

“ఇది ఇంకా తడి ఉందక్కా.”

మళ్లీ పెట్టేదాన్ని.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా. “ముసలవ్వ మళ్ల బట్టీ పెట్టింది,” అన్నాడొకడు. ఎదురింటామె, “ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి అమ్మవారికి మొక్కుకో, జల్దీ ఎండుతయి,” అంది. మొక్కుతో ఇటుక ఎండదు, తప్పుకో, ఎండ తగలాలి అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. రానీ.

చెల్లె మాత్రం ఏమీ అనలేదు. రాత్రి వండేటప్పుడు నా పొయ్యి దగ్గర ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగి తీసుకునేది. చిన్నప్పటి నుంచి నా చేతి ముద్ద తిన్న పిల్ల, పరాయి ఇంటికి వచ్చినదానిలా అడిగేది. తిట్టి ఉంటే బాగుండును అనిపించేది. తిడితే నేను నాలుగు అంటాను, అది నాలుగు అంటుంది, అయిపోతుంది. అనకపోతే ఆ బరువు మొత్తం నా మీదే ఉండిపోతుంది.

వానలు మొదలయ్యాకనే గది లేచింది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. సుద్దతో గీసిన చదరం గది బయట, ఖాళీ స్లాబు మీద ఉండిపోయింది. నాలుగు వానలకు పోయింది. చెల్లె పైకి మారింది. పొయ్యి డబ్బాను మంచం తలాపున పెట్టి, మీద తువాలు పరిచి, అద్దం, దువ్వెన పెట్టుకుంది. వంటకు కిందికి దిగేది.

ఆ డబ్బా మీద అద్దం చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఒకరోజు అది డ్యూటీకి పోయాక పైకెక్కాను. అద్దం, దువ్వెన పక్కన పెట్టి, డబ్బా విప్పి, కొత్త పొయ్యి కిందికి తెచ్చాను. నా పాత పొయ్యి తీసి పక్కింటామెకు ఇచ్చేశాను. నా వంట మూలలో కొత్తది బిగించి, తుడిచి, బొట్టు పెట్టాను. ఇక నుంచి ఈ ఇంట్లో పొయ్యి నీదే, నేనే నీ పొయ్యి మీద తింటాను అని చెబుదామనుకున్నాను. సాయంత్రందాకా ఆ మాటలే మనసులో తిప్పుకున్నాను.

చెల్లె వచ్చింది. చూసింది.

“ఎవరు విప్పమన్నరు?”

“నీకు పొయ్యి లేకపాయె గదా అని...”

“నీ ఇంట్ల పెట్టుకునేదుంటే ఇన్ని దినాలు డబ్బల ఎందుకుంచుత? నా ఇంట్ల నా చేతులతోని విప్పుకుందామనుకున్న. నన్ను ఒక్కపారన్న అడుగుతవా అక్కా? ఇటుకలప్పుడు గట్లనే చేస్తివి. ఇప్పుడు గిట్ల. చెప్తే వినవు, చెప్పకముందే చేస్తవు. ఎప్పుడు జూసిన నీకే ఎరుక.”

ఇన్నాళ్లూ నేను ఎదురుచూసిన తిట్లు అవే. వచ్చాయి. బరువు దిగలేదు. పైపు పట్టుకుని తిరిగిన రోజు ఎంత సంతోషంగా ఉన్నానో, ఆ పొయ్యికి బొట్టు పెట్టేటప్పుడు కూడా అంతే సంతోషంగా ఉన్నానని గుర్తొచ్చింది.

బొట్టు తుడిచాను. ఇద్దరం కూర్చుని పొయ్యిని మళ్లీ డబ్బాలో పెట్టాం. థర్మాకోల్ ముక్కలు ఏది ఎటు పోతుందో నాకు అంతుపట్టలేదు, అదే సర్దింది. ఎత్తుకుని పైకి పోయింది. ఆ రాత్రి మాకు పక్కింటి నుంచి నా పాత పొయ్యిని తిరిగి అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. పక్కింటామె ఇచ్చింది, నవ్వుతూనే ఇచ్చింది.

తరవాత ఒక ఆదివారం మేస్త్రీ చిన్న రంపం పట్టుకుని వచ్చాడు. చెల్లె పిలిచిందట. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మెట్ల పైభాగంలో, గది తలుపు ముందు, కొంచెం చదును జాగా ఉంది. దాని కింద మెట్ల గోడ నేలదాకా ఉంది, బరువు మోస్తుంది. మిగిలిన ఇటుకలతో అక్కడ చిన్న అరుగు కడతారట. ఆయన ఇటుకను కట్టెను కోసినట్టు రంపంతో కోస్తుంటే తెల్లటి పొడి మెట్ల మీదుగా కిందికి రాలింది. నేను కింద మెట్టు మీద కూర్చుని చూశాను. నాకు తోచినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు.

“అక్కా, నీళ్లు తే,” అంది చెల్లె పైనుంచి.

డ్రమ్ము దగ్గరికి పోయాను. బకెట్టు చేతిలోకి తీసుకున్నాను. అక్కడే ఆగాను.

“ఎన్ని?”

పైన ఇద్దరూ నవ్వారు. “సగం చెంబు చాలు,” అంది. “తాపకు. జెరంత చూపియ్యాలె, గంతే.”

చెంబు పట్టుకుని ఎక్కాను. మేస్త్రీ తన కుంచె చెల్లెకు ఇచ్చాడు. అది నా చేతికిచ్చింది. “నువ్వే కొట్టు,” అంది. కుంచె ముంచి, విదిలించి, ఇటుక ముఖానికి తాకించాను. తడి అట్లా పట్టి, చూస్తుండగానే లోపలికి ఇంకిపోయింది. ఇటుక మళ్లీ పొడిగా అయింది. ఇంకొంచెం అడిగినట్టే ఉంది. నా చెయ్యి చెంబు దాకా పోయింది. చెల్లె దిక్కు చూశాను. వద్దని తల ఊపింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు పొయ్యి ఆ అరుగు మీద ఉంది. చెల్లె తానే విప్పుకుంది, తన చేతులతో. పైన ఒక రేకు ఉంది, ఒక పక్క గది గోడ ఉంది, మిగతాదంతా గాలే. వాన ఏటవాలుగా కొడితే మంట ఆరిపోతుంది. అది ఒక చేత్తో అట్టముక్క అడ్డం పెట్టి, ఇంకో చేత్తో కూర కలుపుతుంది. వీపు తడుస్తుంది. తూర్పు కిటికీ కింద ఉండాల్సిన పొయ్యి అది.

వాన పడుతుంటే నేను పగులు కింద కూర్చుని పైన లైటరు చప్పుడు వింటాను. ఒకసారి, రెండుసార్లు, మళ్లీ. కిందికి రావే, నా పొయ్యి ఖాళీగానే ఉంది అని పిలవాలని నోటిదాకా వస్తుంది. పిలవను. కూర అయ్యాక గిన్నె పట్టుకుని అదే దిగుతుంది. తల తుడుచుకోవడానికి తువాలు అడిగితే ఇస్తాను.